రోజూ అర్ఘ్యం, రోజూ అవే పన్నెండు నామాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అరసవల్లి సూర్యదేవాలయంలో ఆదివారం దర్శనం చేసుకుని బయటికొచ్చాక చాలామందికి ఒకటే అనిపిస్తుంది, ఇంటి దగ్గర కూడా రోజూ ఏదో ఒకటి చెయ్యాలని. మొదలుపెడతారు. పది పదిహేను రోజులయ్యేసరికి సందేహాలు బయల్దేరతాయి. శ్రీకాకుళంలో మా వీధివాళ్లూ, చుట్టాలూ, గుడి దగ్గర పరిచయమైనవాళ్లూ ఏళ్ల తరబడి నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చి ద్వాదశ నామాలు చెప్పుకునే చిన్న నిత్యపూజ గురించే రాశాను. రోజూ దీపం పెట్టేవాళ్లకీ, తులసికోట చుట్టూ తిరిగేవాళ్లకీ, సహస్రనామం చదువుకునేవాళ్లకీ కూడా ఇందులో చాలా మాటలు పనికొస్తాయి.

రోజూ చేసేది సరిగ్గా ఏమిటి? ఎంతసేపు పడుతుంది?

పావుగంట. అంతకన్నా ఎక్కువ పెట్టుకోవద్దని మొదటే చెప్తున్నాను, ఎందుకో తర్వాత వస్తుంది.

స్నానం చేసి, రాగి చెంబు నిండా నీళ్లు తీసుకుని, అందులో చిటికెడు కుంకుమో ఎర్రచందనమో, నాలుగు అక్షింతలు, ఒక ఎర్ర పువ్వు వెయ్యాలి. మందారం దొరికితే మందారం, లేకపోతే ఎర్రగన్నేరు. అదీ లేకపోతే ఉత్త నీళ్లే చాలు. తూర్పు తిరిగి నిలబడి, చెంబు రెండు చేతులతో గుండెల ఎత్తుకి పట్టుకుని, సన్నటి ధారగా వదలాలి. శ్లోకం వచ్చినవాళ్లు "ఏహి సూర్య సహస్రాంశో తేజోరాశే జగత్పతే, అనుకంపయ మాం భక్త్యా గృహాణార్ఘ్యం దివాకర" అనుకుంటారు. రానివాళ్లు "సూర్యనారాయణా, ఇదిగో అర్ఘ్యం, అందుకో నాయనా" అంటారు. ఇలా మూడుసార్లు. నీళ్లు కాళ్ల కింద పడి తొక్కకుండా ఒక పళ్లెం పెట్టుకుంటే, తర్వాత ఆ నీళ్లు ఏ మొక్క మొదట్లోనైనా పోసుకోవచ్చు.

ఆ తర్వాత పన్నెండు నామాలు, నామానికో నమస్కారం. ఓం మిత్రాయ నమః, రవయే నమః, సూర్యాయ నమః, భానవే నమః, ఖగాయ నమః, పూష్ణే నమః, హిరణ్యగర్భాయ నమః, మరీచయే నమః, ఆదిత్యాయ నమః, సవిత్రే నమః, అర్కాయ నమః, భాస్కరాయ నమః. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లు పూర్తి సూర్యనమస్కారం చేస్తారు. మోకాళ్లనొప్పులవాళ్లు నిలబడే రెండు చేతులూ జోడిస్తారు. చివర ఉన్నచోటే ఒక ఆత్మప్రదక్షిణం చేసి, రెండు నిమిషాలు ఊరికే కూర్చుని లేవాలి.

ఈ వరస మార్చకండి. ఇవాళ ఒకటి కలిపి, రేపు ఒకటి తీసేసి, ఎల్లుండి ఎవరో చెప్పారని కొత్త మంత్రం తగిలిస్తే, నేను ఈ పేజీలో చెప్పబోయేది ఏదీ మీకు అనుభవంలోకి రాదు.

రోజూ అదే పని. విసుగు రాదా?

వస్తుంది. మొదటి వారం కొత్త చెంబు, కొత్త ఉత్సాహం. అలారం మోగకముందే మెలకువ వచ్చేస్తుంది. మూడో వారానికి చెంబు తోమడం కూడా భారంగా ఉంటుంది. "ఏటండీ ఇది, నిన్న చెప్పిన పేర్లే ఈవేళా చెప్పడం, దేవుడికి మాత్రం వినీ వినీ విసుగెత్తదా?" అని మా పక్కింటి కోడలు ఒకసారి నిజంగానే అడిగింది. చాలా మంచి ప్రశ్న. నేను చెప్పిన జవాబు ఇదీ: దేవుడి సంగతి నాకు తెలీదు గానీ, ఆ పేర్లు మారకపోవడం వల్లే నీ సంగతి నీకు తెలుస్తుంది.

కాస్త వివరంగా చెప్తాను, నాకు ఈ పూజలో అన్నిటికన్నా విలువైనది ఇదే. పొద్దున లేచిన దగ్గర్నుంచి మన చుట్టూ అన్నీ మారుతూనే ఉంటాయి. పనులు మారతాయి, మనుషులు మారతారు, ఫోనులో క్షణానికో సంగతి. ఆ గందరగోళంలో మనం నిన్నటికన్నా చిరాగ్గా ఉన్నామా, నెమ్మదిగా ఉన్నామా అన్నది పట్టుబడదు. చిరాకు వస్తే ఆటోవాడి మీదకో, ఎండ మీదకో, అత్తగారి మీదకో నెట్టేస్తాం. అర్ఘ్యం ఇచ్చే పావుగంటలో ఆ వీలు లేదు. అదే చెంబు, అవే నీళ్లు, అదే దిక్కు, అవే పేర్లు. ఈవేళ ఏదైనా తేడాగా ఉందంటే ఆ తేడా నాదే. నిన్న సన్నగా దారంలా పడిన ధార ఇవాళ దబదబా పడిపోయిందంటే తొందర నాది. 'ఖగాయ నమః' దగ్గర గొంతు బిగిసిందంటే, రాత్రి ఇంట్లో అన్న మాట ఇంకా లోపల కదుల్తూనే ఉందన్నమాట.

పొందూరులో నూలు వడికేవాళ్లని దగ్గర కూర్చుని చూశారా? వాలుగ చేప దవడతో పత్తిని దువ్వుతారు. సన్నటి పళ్లున్న ఆ ఎముకతో, గింజకి అంటుకున్న దూదిని పోగు పోగుగా, మెల్లిగా, ఒకే తీరుగా లాగుతుంటారు. చూసేవాళ్లకి అది ఒకే పని వందసార్లు చేసినట్టు ఉంటుంది. చేసేవాళ్ల వేళ్లకి మాత్రం ఎక్కడ పోగు బిగుసుకుందో, ఎక్కడ నలక ఉందో ప్రతిసారీ విడిగా తెలుస్తుంది. ఆ తెలివిడి పుస్తకం చదివితే వచ్చేది కాదు, చేసీ చేసీ వేళ్లలోకి దిగింది. నామాలు చెప్పుకునేవాళ్ల మనసుకీ అలాంటి స్పర్శే అలవడుతుంది.

అందుకే విసుగు వచ్చిన రోజున మానకండి. విసుగుతోనే చెయ్యండి. అది ఏ నామం దగ్గర మొదలై ఎక్కడ సద్దుమణుగుతుందో చూడండి.

నోరు నామాలు చెప్తుంటుంది, మనసు ఎక్కడో ఉంటుంది. ఇలాంటి పూజ వల్ల ఫలం ఉంటుందా?

ఈ ప్రశ్న అడగనివాళ్లు లేరు. అడిగేటప్పుడు తలదించుకుంటారు కూడా, ఏదో తప్పు చేసినట్టు. తప్పేమీ కాదు. సాక్షాత్తూ అర్జునుడే కృష్ణుడితో, ఈ మనసుని పట్టడం గాలిని పట్టడంలాంటిది అన్నాడు. కృష్ణుడు కాదనలేదు. "అభ్యాసేన తు కౌంతేయ వైరాగ్యేణ చ గృహ్యతే" అన్నాడు, అంటే మళ్లీ మళ్లీ చెయ్యడం వల్లా, మమకారం వదలడం వల్లా చేతికి వస్తుందని. అంతకు కాస్త ముందే, మనసు ఎక్కడెక్కడికి పోతే అక్కడక్కడి నుంచి దాన్ని వెనక్కి తెచ్చుకోమని కూడా చెప్పాడు. పోకుండా కట్టెయ్యమని చెప్పలేదు, గమనించారా?

ఆచరణలో ఇది ఇలా జరుగుతుంది. మిత్రాయ, రవయే, సూర్యాయ అనేవరకూ బాగానే ఉంటారు. భానవే దగ్గర పాలవాడికి డబ్బులివ్వాలని గుర్తొస్తుంది. నోరు దాని పని అది చేసుకుపోతుంది. మళ్లీ తెలివి తెచ్చుకునేసరికి అర్కాయ దగ్గర ఉంటారు. మధ్యలో ఆరు పేర్లు ఎవరు చెప్పారో తెలీదు. మొదటి నెలల్లో అందరికీ ఇంతే. కొన్నాళ్లు వదలకుండా చేస్తే, భానవే దగ్గర జారిన మనసు హిరణ్యగర్భాయ దగ్గరికే దొరికిపోతుంది. ఇంకా కొన్నాళ్లకి పూష్ణే దగ్గరే. జారడం ఆగదు. జారిందన్న సంగతి ముందుగా తెలుస్తుంది. పేర్ల వరస స్థిరంగా ఉండబట్టే ఎక్కడ జారిందీ, ఎక్కడ దొరికిందీ లెక్క తెలుస్తోంది.

దీనివల్ల బతుకులో ఏం ఒరిగిందంటారా? కోపం వచ్చినప్పుడు చూడండి. మామూలుగా మనకి కోపం వచ్చిందని తెలిసేసరికి నాలుగు మాటలు అనేసి ఉంటాం. పొద్దున్నే జారిన మనసుని పట్టుకోవడం అలవాటైనవాళ్లకి, రెండో మాట దగ్గరే ఒక చిన్న ఆగుడు వస్తుంది. నేను గొప్ప మార్పు అనేది దీన్నే. దర్శనాలూ, వెలుగులూ, కలలూ వస్తాయని నేనెవరికీ చెప్పను.

ఇంకో మాట కూడా ఉంది. పేర్లు ఒక లయలో మెల్లగా చెప్పుకుంటే ఊపిరి దానంతటదే నెమ్మదిస్తుంది. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. 23 మంది ఆరోగ్యవంతులతో క్రైస్తవుల జపమాల ప్రార్థన కొంతసేపు, యోగ మంత్రం కొంతసేపు చెప్పించారు. రెండిట్లోనూ ఊపిరి నిమిషానికి ఆరుసార్ల దాకా దిగింది, గుండె లయలో మంచి మార్పు కనిపించింది. అందుకే హడావిడిగా చెప్పిన వంద పేర్లకన్నా ఊపిరి తగిలేలా చెప్పిన పన్నెండు మేలంటాను.

ఎన్ని రోజులకి మార్పు తెలుస్తుంది? మండలం చేస్తే చాలా?

మండల దీక్ష అని 41 రోజులు చేసే పద్ధతి మనకి ఉంది. మంచిదే. ఆ గడువు అయిపోగానే దీక్ష దింపేసి మళ్లీ పాత మనిషి అయిపోతేనే చిక్కు.

లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2010లో ప్రచురించిన ఒక పరిశీలనలో 96 మంది చేత రోజూ ఒక చిన్న కొత్త అలవాటు చేయించి చూశారు. అవి తినడం, తాగడం, వ్యాయామం లాంటి అలవాట్లు, పూజ కాదు. ఆలోచించకుండానే చేసెయ్యగలిగే స్థితి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషి మనిషికీ తేడా 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. కాబట్టి మీ తోడికోడలికి నెలలో కుదిరింది మీకు ఎనిమిది నెలలు పట్టినా మీలో లోపమేమీ లేదు.

అయితే అలవాటు పడడం వేరు, ఎదగడం వేరు. అలవాటు పడ్డాక అసలు పని మొదలవుతుంది. చెయ్యి దానంతటది చేసుకుపోతున్నప్పుడే లోపలికి చూసుకునే తీరిక వస్తుంది. పతంజలి ఈ విషయంలో మూడు షరతులు పెట్టాడు: చాలా కాలం చెయ్యాలి, ఎడం లేకుండా చెయ్యాలి, ఆదరంతో చెయ్యాలి. అప్పుడే నేల గట్టిపడుతుందన్నాడు. మూడో దాన్నే మనం మర్చిపోతాం. ఎడం లేకుండా చాలా కాలం విసుక్కుంటూ చేసేవాళ్లు ఉన్నారు. చెంబుని దభీమని పెట్టడంలోనే అది తెలిసిపోతుంది.

ఒక రోజు తప్పిపోతే?

మర్నాడు మామూలుగా చెయ్యండి. తప్పిన రోజుకి పరిహారమని రెట్టింపు చెయ్యొద్దు. నేను పైన చెప్పిన పరిశీలనలో కూడా ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు దెబ్బతినలేదు. ఈ దారిలో పెట్టిన అడుగు వృథా పోదనీ, కొంచెమైనా కాపాడుతుందనీ గీత రెండో అధ్యాయంలోనే ఉంది. వరసగా మూడు రోజులు తప్పితే మాత్రం జాగ్రత్తపడండి. నాలుగో రోజు మనసు మంచి మంచి కారణాలు వెతికి పెడుతుంది.

నెలసరి, పురుడు, మైల రోజుల్లో?

మీ ఇంటి ఆచారం ఎలా ఉంటే అలా. చెంబు ముట్టుకోకపోయినా పొద్దున్నే తూర్పు తిరిగి మనసులో పన్నెండు పేర్లు తలుచుకోవడానికి ఏ అడ్డూ లేదు. ఆత్మీయులు పోయిన మైల రోజుల్లో ఆ పేర్లే కొందరిని నిలబెట్టడం నేను చూశాను.

ఆడవాళ్లు అర్ఘ్యం ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. నిరభ్యంతరంగా.

వానాకాలంలో సూర్యుడు కనిపించడు కదా, అప్పుడెలా?

కనిపించకపోయినా ఉన్నాడు కదా. తూర్పు తిరిగి ఇచ్చెయ్యండి.

ఈ ప్రశ్న దగ్గర నాకెప్పుడూ అరసవల్లి గర్భగుడే గుర్తొస్తుంది. 7వ శతాబ్దంలో కళింగాన్ని ఏలిన గాంగరాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెప్పే గుడి. ఏటా మార్చి 9, 10 తేదీల చుట్టూ, మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల చుట్టూ, పొద్దుటి కిరణాలు గోపురం దాటి, అనివెట్టి మండపం గుండా, ధ్వజస్తంభాన్ని తాకి మూలవిరాట్టు పాదాల మీద పడతాయి. ఏటా రెండుసార్లే ఎందుకు, అదీ ఆ తేదీల్లోనే ఎందుకు అంటే, సూర్యుడు విషువత్తుకి (పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుకి) ముందు ఎన్నాళ్లకి ఏ చోట ఉదయిస్తాడో, తర్వాతి విషువత్తు దాటాక అన్నాళ్లకే మళ్లీ అదే చోటికి వస్తాడు. మార్చి 20కి పది రోజుల ముందూ, సెప్టెంబరు 23కి సుమారు పదిరోజుల తర్వాతా తూర్పుకి రవ్వంత దక్షిణంగా ఒకే చోట పొడుస్తాడు. ఈ సంగతి పంచాంగం చూసి తెలుసుకోవడం ఇవాళ సులువు. ఎవరో ఒకరు ఏళ్ల తరబడి రోజూ పొద్దున్నే ఒకేచోట నిలబడి తూర్పుని చూసి ఉండకపోతే ఆ గోడలు అలా లేచేవా అనిపిస్తుంది నాకు. ఆ రెండు మూడు రోజుల్లో కూడా మబ్బు పడితే కిరణం రాదు. రాత్రి నుంచి కాచుకున్న జనం ఉసూరుమంటారు. అర్చకులు మాత్రం ఆ రోజూ సుప్రభాతం నుంచి అన్నీ యథావిధిగా చేస్తారు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరితోటల్ని పడగొట్టింది. అక్కడ మా చుట్టాలావిడ ఒకరున్నారు, పెద్దామె. పెరట్లో కాపుకొచ్చిన చెట్లన్నీ పోయాయి. వారం తర్వాత మేం చూడ్డానికి వెళ్లేసరికి, పడిన మట్టల మధ్య కాస్త జాగా చేసుకుని చెంబుతో నిలబడి ఉంది. ఏం మాట్లాడాలో తెలీక మేం నిలబడిపోతే, "చెట్లు పోనాయి గానీ తూర్పెక్కడికి పోద్దే" అని నీళ్లు వదిలింది. ఆ తర్వాత మాకు టీ పెట్టి, ఎవరెవరికి ఏమేం పోయాయో వరసగా చెప్పి, అప్పుడు ఏడ్చింది. పూజ ఆమెకి దుఃఖం లేకుండా చెయ్యలేదు. ఏడుపు వచ్చే ముందు ఒక పని చెయ్యగలిగేలా నిలబెట్టింది.

రోజూ ఒకేచోట నిలబడితే ఇంకేమైనా తెలుస్తుందా?

సూర్యుడు రోజూ ఒకేచోట ఉదయించడని తెలుస్తుంది. మా మేడ మీద నుంచి చూస్తే సంక్రాంతి రోజుల్లో ఎదురింటి నీళ్లట్యాంకుకి కుడిపక్కన పొడుస్తాడు. ఆషాఢం నాటికి బాగా ఎడమకి, మామిడిచెట్టు దాకా జరిగిపోతాడు. మన శ్రీకాకుళం అక్షాంశం దగ్గర ఈ జరుగుడు ఆ కొసనుంచి ఈ కొసకి సుమారు 50 డిగ్రీలు. ఏ రెండు రోజులకీ తేడా కనిపించదు, రెండు నెలలకి కచ్చితంగా కనిపిస్తుంది. "ఇన్నాళ్లు చేస్తున్నా నాలో ఏ మార్పూ లేదు" అని దిగులుపడేవాళ్లని నేను ఒకసారి మేడ మీదకి తీసుకెళ్లి ఇది చూపిస్తాను.

నాకు షిఫ్టు డ్యూటీ. పొద్దున ఆరింటికి ఇంటికే చేరను. ఎలా?

పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లలు ఈ ప్రశ్న ఎక్కువగా అడుగుతారు. హైదరాబాదులోనో చెన్నైలోనో ఒక గదిలో ఐదుగురు ఉంటూ అడిగేవాళ్లూ ఉన్నారు. మీ పొద్దు ఎప్పుడు మొదలైతే అప్పుడు చెయ్యండి నాన్నా. సూర్యోదయం శ్రేష్ఠం, సందేహం లేదు. అది కుదరనివాడు నిద్రలేచి స్నానం చేశాక, ఎండ ఉన్న వేళ ఇచ్చినా అర్ఘ్యమే. గడియారం మారినా దాని చుట్టూ ఉండే వరస మారకుండా చూసుకోండి. స్నానం, చెంబు, నామాలు, ఆ తర్వాతే ఫోను. ఈ చివరిది చాలా ముఖ్యం. ఫోను చూశాక చేస్తే నామాల మధ్య వాట్సాప్ మెసేజీలు నడుస్తూనే ఉంటాయి.

తూర్పు బాల్కనీ లేని అపార్టుమెంటయితే కిటికీ దగ్గర పళ్లెం పెట్టుకుని ఇవ్వండి. కింద ఫ్లాటువాళ్ల బట్టల మీద నీళ్లు పడేలా పొయ్యొద్దు, ఆ పుణ్యం మనకొద్దు.

ఉచ్చారణ తప్పితే పాపమా? గురువు ఉండాలా?

గాయత్రి, సంధ్యావందనం ఉపదేశం పొంది చేసేవి. వాటికి స్వరం, నియమం ఉన్నాయి, తెలిసినవారి దగ్గర నేర్చుకోవాలి. పన్నెండు నామాలూ అందరివీ. 'పూష్ణే' అనే దగ్గర అందరికీ నాలుక మడతపడుతుంది. మెల్లగా నాలుగుసార్లు అనుకుంటే వచ్చేస్తుంది. తప్పని తెలిస్తే దిద్దుకోండి, భయపడి మానెయ్యకండి. పెద్దగా చదువులేని మా అమ్మమ్మ తరంవాళ్లు "సూర్నారాయణమూర్తీ" అనే పిలిచేవారు. ఆ పిలుపులో ఉన్న దగ్గరతనం మన శుద్ధమైన ఉచ్చారణలో ఎంత ఉందో చూసుకోవాలి.

ఇంట్లో రెండు గంటలు పూజ చేసేవాళ్లే అందర్నీ కసురుతుంటారు. మరి ఈ ఎదుగుదల ఎక్కడ?

నిజం. నేనూ చాలా ఇళ్లలో చూశాను. గంట వాయిస్తూనే వంటింట్లోకి కేకలెయ్యడం, పూజ అయ్యేదాకా పిల్లలకి కాఫీ టిఫిన్లు ఆపెయ్యడం, పువ్వులు తక్కువ తెచ్చాడని పూలవాడితో పొద్దున్నే జగడం. ఇలాంటివి చూసి పెరిగిన పిల్లలు పూజంటేనే దూరం జరుగుతారు. వాళ్లని తప్పుపట్టలేం.

తిరిగి తిరిగి చేసిన ప్రతిదీ లోపలికి దిగుతుంది, మంచీ చెడూ అనదు. రోజూ చిరాకుతో చేస్తే బలపడేది చిరాకే. "నేను ఇంత పూజ చేస్తాను" అన్న లెక్కతో చేస్తే ఆ లెక్కే పెరుగుతుంది. అందుకే పావుగంటకి మించొద్దని మొదట్లో చెప్పాను. ఇంట్లో వాళ్లకి భారం కాని పూజే మీకు అద్దంలా పనికొస్తుంది. భారమైతే వాళ్ల విసుగూ, మీ సమర్థనా వచ్చి అడ్డు నిలబడతాయి. అప్పుడు మీరు మీకు కనిపించరు.

ఒక పని చెయ్యండి. పూజ నుంచి లేచాక మీరు మొట్టమొదట మాట్లాడే మాట ఏమిటో, ఎవరితోనో, ఏ గొంతుతోనో కొన్నాళ్లు గమనించండి. నామాల తర్వాత వచ్చే ఆ మొదటి మాటని పదమూడో నామమని నాకు నేను చెప్పుకుంటాను. అది బాగా రాని రోజున మిగతా పన్నెండూ ఎంత శ్రావ్యంగా చెప్పినా ఏదో వెలితిగానే ఉంటుంది.

ఉద్యోగం, పెళ్లి, ఆరోగ్యం కోసం మొక్కుకుని చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు. కష్టంలో ఉన్న మనిషిని కోరిక లేకుండా పూజ చెయ్యమనడం నాకు చేతకాదు. కోరికతో మొదలుపెట్టినవాళ్లే ఎక్కువమంది, నిలబడినవాళ్లలో కూడా. కోరిక తీరినా తీరకపోయినా ఆ తర్వాత కూడా చెంబు పట్టుకున్నారా అన్నదాన్ని బట్టి మిగతాది ఉంటుంది.

ఆరోగ్యం మాటకొస్తే కాస్త గట్టిగానే చెప్తాను. ఆదిత్యుడు ఆరోగ్యప్రదాత అని మన నమ్మకం. కంటిజబ్బులకీ, చర్మవ్యాధులకీ అరసవల్లి వచ్చి ఇంద్రపుష్కరిణిలో స్నానం చేసి మొక్కుకునేవాళ్లు తరతరాలుగా ఉన్నారు. ఆ నమ్మకాన్ని గౌరవిస్తాను. మందులు మాత్రం ఆపకండి. ఆదివారం ఉపవాసం ఉంటామనే షుగరువాళ్లు, ఉద్దానం వైపు కిడ్నీజబ్బుతో ఉన్నవాళ్లు, ముందు డాక్టరుని అడిగి తీరాలి. సూర్యుడిని రెప్పవాల్చకుండా చూస్తే కళ్లు బాగవుతాయని ఎవరు చెప్పినా వినొద్దు. కంటిలోపలి పొర శాశ్వతంగా దెబ్బతింటుంది. అర్ఘ్యం ఇచ్చేటప్పుడు చూపు నీటిధార మీదే ఉండాలి.

పిల్లలకి ఎలా అలవాటు చెయ్యాలి?

చెయ్యమని చెప్పకండి, పక్కన నిలబడనివ్వండి. చెంబులోకి పువ్వు వేసే పని వాళ్లకిచ్చెయ్యండి. రథసప్తమి వాళ్ల పండగే. తలమీదా భుజాలమీదా జిల్లేడు ఆకులూ రేగిపళ్లూ పెట్టుకుని స్నానం, చిక్కుడుకాయలకి పుల్లలు గుచ్చి రథం, పిడకలమీద పొంగిన పాలల్లో పరమాన్నం, దాన్ని చిక్కుడాకులో పెట్టి నైవేద్యం. ఏ పిల్లలైనా ఆ రోజు వద్దంటారా? ఏడాదికోసారి వచ్చే ఆ సందడే మిగతా రోజుల్ని కూడా ఇష్టంగా మారుస్తుంది. పరీక్షల ముందు మాత్రమే "సూర్యుడికి దణ్ణం పెట్టు, మార్కులొస్తాయి" అంటే, మార్కులు రానినాడు దణ్ణమూ పోతుంది.

అలవాటయ్యాక ఇంకా పెంచాలా? ఆదిత్యహృదయం కలపొచ్చా?

ఆదివారాలకి కలుపుకోండి. రామాయణం యుద్ధకాండలో, పోరుతో అలసి రావణుణ్ణి ఎదురుగా చూస్తూ ఆలోచనలో పడిన రాముడికి అగస్త్యుడు వచ్చి ఉపదేశించిన స్తోత్రమది. ముమ్మారు జపించమన్నాడు. రాముడంతటివాడికి కూడా ఒక్కసారి చాలదని ఋషి అనుకున్నాడంటే, మళ్లీ మళ్లీ చెప్పడంలో ఏదో ఉందనే కదా.

రోజువారీ పూజని మాత్రం పెంచకండి. పెంచాలనిపించినప్పుడు అవే పన్నెండు నామాలని ఇంకొంచెం మెల్లగా చెప్పండి.

గుడికి వెళ్లడం తప్పనిసరా?

తప్పనిసరేం కాదు, వెళ్తే బావుంటుంది. మాఘ, వైశాఖ ఆదివారాల్లో అరసవల్లిలో రద్దీ ఎక్కువ, మామూలు రోజు పొద్దున్నే వెళ్తే స్వామిని నిదానంగా చూడొచ్చు. రెండు చేతుల్లో తామరమొగ్గలు, పక్కన ఉషా ఛాయలు, కింద ఏడు గుర్రాల పగ్గాలు పట్టిన అనూరుడు. తొడలు లేనివాడు సారథి. రోజూ రథం ఆగకుండా నడిపేది ఆయనే. ఓపిక లేదనిపించిన రోజుల్లో ఆయన్ని తలుచుకోమని ముసలివాళ్లకి చెప్తుంటాను.

మొదలుపెట్టడానికి మంచిరోజు ఏది?

ఆదివారం మంచిది, రథసప్తమి ఇంకా మంచిది. దాని కోసం నెలల తరబడి ఆగడం మాత్రం మంచిది కాదు. శ్రీకాకుళంలో జూన్ మొదట్లో సూర్యోదయం సుమారు 5.20కి, జనవరి మధ్యలో సుమారు 6.30కి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి చలికాలమే సులువు, గంటకు పైగా నిద్ర కలిసొస్తుంది. ఆ తర్వాత రోజుకి అర నిమిషమో నిమిషమో చొప్పున సూర్యుడే మిమ్మల్ని ముందుకి లేపుకుంటూ పోతాడు. రాగి చెంబు ఇంట్లో లేకపోతే ముందు స్టీలు చెంబుతోనే కానివ్వండి. ఉంటే ఈ రాత్రే చింతపండు పెట్టి తోమి, తూర్పు కిటికీ దగ్గర బోర్లించి పెట్టుకోండి.